ముత్యపు చిప్ప పిడుల చాకులూ ఫోర్కులూ: వన్‌టౌన్ పాత వెండి కొట్టులో చూపిస్తే తేలిన సంగతి

మా తాతయ్య గుంటూరులో అమెరికన్ మిషనరీ దొరల బంగళాలో వంట చేసేవారు. వాళ్లు వెళ్లిపోతూ ఇచ్చిన చెక్కపెట్టె 60 ఏళ్లకు పైగా అమ్మమ్మ మంచం కిందే ఉంది. లోపల ముత్యపు చిప్ప పిడులున్న చాకులు, ఫోర్కులు. పెట్టెలో 12 జతలకు గాళ్లు ఉన్నాయి కానీ మిగిలింది 11 చాకులు, 9 ఫోర్కులు. అమ్మమ్మ పోయాక పంపకాల్లో దీని దగ్గరే మాటా మాటా వచ్చింది. ప్రతి దాని మీదా ఇంగ్లిష్‌లో స్టెర్లింగ్ అని ఉంది కాబట్టి మొత్తం వెండేనని పెద్దమామయ్య పట్టు.

ముందు గుంటూరులోనే ఒక కొట్టుకి తీసుకెళ్లాం, పేరు వద్దు. పిడులు పీకేసి లోహం మాత్రం తూకం వేస్తానన్నాడు. పిడులకు పైసా రాదట. నాకు ప్రాణం ఒప్పలేదు, పెట్టె మూసేసి వచ్చేశాను.

విజయవాడలో పిన్ని చెప్పిన కొట్టు వన్‌టౌన్‌లో, కాళేశ్వరరావు మార్కెట్ దాటాక ఒక ఇరుకు సందులో ఉంది. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, లోపల ఇద్దరు కూర్చుంటే మూడోవాళ్లు బయటే. గంటన్నర కూర్చోబెట్టారు. ఫోన్‌లో ఫొటో పంపితే ధర చెప్పరు, వస్తువు చేతికి రావాల్సిందే. ఈ ఇబ్బందులన్నీ చెప్పి కూడా వెళ్లమనే అంటాను, ఎందుకంటే ఆ పెద్దాయన కొనే మాట ఎత్తకముందే అసలు వస్తువేమిటో అరగంటసేపు విడమరిచి చెప్పారు.

ఒక చాకు నా చేతికిచ్చి, భూతద్దం పెట్టి, "అమ్మా, ఆ అక్షరాలు ఎక్కడున్నాయో చూడండి" అన్నారు. పిడి మొదట్లో, రోకలికి పొన్ను వేసినట్టు, వేలెడు వెడల్పు కూడా లేని చిన్న పట్టీ ఉంది. స్టెర్లింగ్ అన్న అక్షరాలు దాని మీదే, సందుల్లో నల్లగా మట్టి పట్టి ఉన్నాయి. స్టెర్లింగ్ అంటే 92.5 శాతం వెండి, ఆ పట్టీ ఒక్కటే అలాంటిది. అలుగంతా ఉక్కు మీద వెండి పూత. అంచు దగ్గర పూత అరిగి కింది లోహం బయటపడ్డ చోటు వేలితో చూపించారు. అలుగు మీద కనెక్టికట్‌లోని లాండర్స్, ఫ్రేరీ అండ్ క్లార్క్ కంపెనీ ముద్ర ఉంది, దాంతో అమెరికా సరుకని ఖాయమైంది. ఇంగ్లండ్ అసలు వెండికైతే నడిచే సింహం ముద్ర ఉంటుందట, పక్కన లంగరు ఉంటే బర్మింగ్‌హామ్‌ది, కిరీటం ఉంటే 1974 దాకా షెఫీల్డ్‌ది. తన దగ్గరున్న ఒక ఫోర్కు మీద ఈపీఎన్‌ఎస్ అక్షరాలు కూడా చూపించారు. అది నికెల్ సిల్వర్ మీద పూత, ఆ నికెల్ సిల్వర్‌లో పేరుకే తప్ప వెండి ఉండదు, రాగి, నికెల్, జింక్ అంతే. ఉక్కుకి పళ్ల పులుపు తగిలితే మరక పడుతుంది కాబట్టి వెండి పూత వేసేవారట. 1913లో షెఫీల్డ్‌లో స్టెయిన్‌లెస్ స్టీల్ వచ్చాక ఆ అవసరం మెల్లగా తగ్గిపోయింది.

ఇక పిడులు. ఫోన్ టార్చి వేసి తిప్పితే గులాబీ, పచ్చ మెరుపు ఒక్కో పిడిలో ఒక్కోలా కదిలింది, ఏ రెండూ ఒకేలా లేవు. ప్లాస్టిక్‌వైతే అన్నీ ఒకే అచ్చులో ఉంటాయి, పట్టుకున్నా ఇంత చల్లగా ఉండవు. అన్నీ అసలైన చిప్పే అన్నారు. కానీ రెండు చాకుల పిడులు సుద్దముక్కలా పాలిపోయి ఉన్నాయి. కారణం ఆయన అడిగేలోపే నాకు తట్టింది. సంక్రాంతికి ఇంట్లో వెండి సామాన్లతో పాటు వీటినీ అమ్మ చింతపండుతో తోమింది. చిప్ప సున్నపు జాతిది, పులుపు తగిలితే పై పొర తినేస్తుంది, పోయిన మెరుపు తిరిగి రాదు. ఆ రెండింటినీ చూస్తూ చాలా బాధపడ్డాను. మీ ఇంట్లో ఉంటే చింతపండు, నిమ్మకాయ దగ్గరికి రానివ్వకండి. వేన్నీళ్లలో నానబెట్టినా పిడిలో అలుగును పట్టి ఉంచే లక్కలాంటి బంక మెత్తబడి వదిలేస్తుంది. తడిగుడ్డతో తుడిచి వెంటనే పొడిగుడ్డతో తుడిస్తే చాలట.

ధర విషయం. తూకానికి ఆ పట్టీల వెండి ఏ మూలకూ రాదు. విలువంతా పిడుల్లో, జతలు కుదరడంలో, పాత పెట్టె ఉండటంలో ఉంది. పగుళ్లు లేకపోతే ఎక్కువ, పిడి మీద చెక్కడం ఉంటే ఇంకా ఎక్కువ. మాకు 18,000 ఇస్తానన్నారు, ఇలాంటివి సేకరించేవాళ్లు దొరికితే అంతకు మించి ఇస్తారని కూడా ఆయనే చెప్పారు. ఆన్‌లైన్‌లో విదేశాలకు అమ్ముదామా అంటే వద్దన్నారు, 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన కళావస్తువుల్ని మనంతట మనం దేశం దాటించకూడదు.

చూసినందుకు 300 తీసుకున్నారు. కాగితం మీద రాసివ్వలేదు, అదొక్కటే లోటు, పంపకాలప్పుడు పనికొచ్చేది. మామయ్యకి ఫోన్‌లోనే ఆయనతో మాట్లాడించాను, ఆ తర్వాత గొడవ లేదు. అమ్మడం మానేశాం. పిడి ఊగుతున్న మూడు ఫోర్కులు మాత్రం బిగించమని అక్కడే ఇచ్చి వచ్చాను, వచ్చే గురువారం తెచ్చుకోవాలి.