సైడీకి హెడ్‌గా ఎవరుంటే మేలు: క్లాసు చెప్పే ప్రొఫెసరా, ఓపీలో కూర్చునే సైకాలజిస్టా?

మొన్న హన్మకొండ చౌరస్తాలో చాయ్ తాగుతుంటే పాత దోస్తు ఒకాయన అడిగాడు. ఆయన పనిచేసే యూనివర్సిటీలో క్లినికల్ సైకాలజీలో సైడీ (Psy.D., పేషెంట్లను చూడటం మీద నడిచే డాక్టరేట్ కోర్సు) పెట్టాలన్న ముచ్చట నడుస్తోందట, హెడ్‌గా ఉండమని ఈయన్నే అంటున్నారట. "నువ్వు ఓపీల కూసుంటవ్, నేను క్లాసుల చెప్త. నిజం చెప్పు, ఈ కుర్చీల ఎవలుంటే మంచిది?" అన్నాడు. సగం జవాబే చెప్పి లేచొచ్చాను. మొత్తం మొహం మీద చెప్పడానికి మొహమాటం అడ్డొచ్చింది. మిగతా సగం ఇదీ.

ముందు సంగతి తెలియనివాళ్లకు రెండు మాటలు. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టునని బోర్డు పెట్టుకోవాలంటే సైకాలజీలో పీహెచ్‌డీ ఉన్నంత మాత్రాన సరిపోదు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ (అందరూ ఆర్‌సీఐ అంటారు) ఒప్పుకున్న కోర్సు చేసి దాని రిజిస్టర్‌లో పేరెక్కించుకోవాలి. ఇన్నేళ్లూ ఆ కోర్సంటే ఎక్కువమందికి ఎంఏ తరవాత చేసే రెండేళ్ల ఎంఫిలే. 2022లో యూజీసీ ఎంఫిల్‌ను ఎత్తేసింది, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 దాకా అడ్మిషన్లు తీసుకోండని గడువిచ్చింది. అందుకే ఇప్పుడు అందరి చూపూ డాక్టరేట్ స్థాయి శిక్షణ మీద పడింది. పీహెచ్‌డీలో బరువంతా పరిశోధన మీద ఉంటే, సైడీలో బరువు పేషెంట్ మీద ఉంటుంది. థీసిస్ దీనిలోనూ తప్పదు, కానీ ప్రాణం మాత్రం వార్డులో ఉంటుంది.

ప్రొఫెసర్ హెడ్ అయితే ఏం లాభమో ముందు ఒప్పుకుంటాను. ఫైలు ఎవరి టేబుల్ మీద ఆగిందో ఆయనకు తెలుసు. అకడమిక్ కౌన్సిల్లో నోరు తెరిచి పోస్టులు అడగగలడు, ఆర్‌సీఐ ఇన్‌స్పెక్షన్‌కు వచ్చే నాటికి కాగితాలన్నీ వరుసలో పెట్టగలడు, పిల్లల థీసిస్‌లు టైముకు తెమిలేలా చూడగలడు. ఇవి చిన్న సంగతులు కావు. నేను చదివినచోట కోర్సు పెద్దాయన గొప్ప క్లినీషియన్ (పేషెంట్లను చూసే మనిషి), ఆయన పేషెంట్‌తో మాట్లాడుతుంటే మేం నోట్సు రాయడం మర్చిపోయి చూస్తుండేవాళ్లం, కానీ ఒక్క కాగితం ముందుకు కదిలేది కాదు. ఎగ్జామినర్ల లిస్టు టైముకు పంపక మా బ్యాచ్ వైవా ఐదు నెలలు ఆలస్యమైంది, ఈలోపు నాకొచ్చిన ఉద్యోగం ఇంకొకరికి పోయింది. ఆ మంట ఇప్పటికీ ఉంది.

అయినా సరే, నా ఓటు ఓపీలో కూర్చునే మనిషికే. ఎందుకో ఒక కేసు చెబుతాను, గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

పరకాల వైపు ఊరి నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. "పానం పానంల ఉంటలేదు బిడ్డా, గుండె గాబర అయితాంది, బుక్క పోతలేదు" అంది. ట్రెయినీ అమ్మాయి తెలివైనదే, చదువంతా హైదరాబాద్‌లో ఇంగ్లీషు మీడియం. గుండె దడ, ఆకలి లేదు అని రాసుకుంది, ఈసీజీ తీయించాలని పక్కన రాసింది, తరవాతి పేషెంట్‌ను పిలవబోయింది. అందులో తప్పేమీ లేదు, ఈసీజీ తీయించాల్సిందే. కానీ పానం పానంల లేదంటే ఒంట్లో నొప్పి ఒక్కటే కాదని మనవైపు పుట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. "ఎప్పటి సంది అవ్వా?" అన్నాను. పత్తి అమ్మిన కాడి నుంచి అంది. అప్పు తీరలేదు, కొడుకు ఇంట్లో మాట్లాడటం మానేశాడు, పొద్దంతా చేన్లోనే కూర్చుంటున్నాడు. అప్పుడు అడిగాను, "చేనుకు కొట్టే మందు డబ్బ ఇంట్ల ఏడ పెడ్తరు?" పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదు. కొంగు చివర ముడి విప్పుతూ, మళ్లీ వేస్తూ కూర్చుంది. ఆమె వచ్చింది తన పానం కోసమే కాదు, కొడుకు గురించి ఎవరైనా అడుగుతారేమోనని కూడా. కొడుకు గురించి ఏం చేయాలో అక్కడి నుంచి మాట్లాడుకున్నాం.

మందు డబ్బా ఎక్కడుంది అని అడగడం నేను స్కేళ్లలో, అంటే పేషెంట్‌ను కొలిచే ప్రశ్నల ఫారాల్లో, నేర్చుకోలేదు. పక్కన కూర్చుని వినాలి, వినేవాళ్ల పక్కన ఇంకొకరు కూర్చుని నేర్చుకోవాలి. మేడారం జాతరలో శిగమూగిన ఆమెను చూసి డిసోసియేటివ్ డిజార్డర్ అని జబ్బు పేరు రాయకూడదన్నది కూడా ఇలాగే వస్తుంది. పాఠంలో చెబుతారు, నిజమే, కానీ పాఠంలో విన్నది ఓపీ రద్దీలో గుర్తుకురాదు. హెడ్ అనే మనిషి ఏళ్ల తరబడి పేషెంట్‌ను చూడకపోతే, కేస్ రికార్డుల కట్ట ముందేసుకుని ఒక మధ్యాహ్నంలో సంతకాలు పెట్టేయడం ఆయనకు తప్పుగా కూడా అనిపించదు. సూపర్‌విజన్ గంటలు కాగితం మీద నిండుతాయి, గదిలో నిండవు.

ఒకచోట మాత్రం క్లినీషియన్ హెడ్‌లను నేను నమ్మను. ఈ పనికి పనికిరాని ట్రెయినీ ఒకరిద్దరు ఎక్కడైనా ఉంటారు. పేషెంట్ ఏడుస్తుంటే ఫోన్ చూసేవాడు, బయటికెళ్లి కేసు గురించి కబుర్లు చెప్పేవాడు. క్లినీషియన్ వీణ్ని మొదటి నెలలోనే పసిగడతాడు, కానీ "పోరడు మారుతడులే" అని ఊరుకుంటాడు, ఎక్కడా రాసి పెట్టడు. చివరి ఏడాదిలో ఆపుదామంటే చేతిలో ఒక్క కాగితం ఉండదు, వాళ్ల నాన్న వీసీ దగ్గర కూర్చుంటాడు. ప్రొఫెసర్ ఆలస్యంగా పసిగడతాడు గానీ తేదీలేసి రాస్తాడు.

అయితే ఇద్దర్నీ పెడదాం, చదువుకు ఒకరు, క్లినిక్‌కు ఒకరు అంటారా? వినడానికి బాగుంటుంది. అమెరికాలో డిపార్ట్‌మెంట్ ఛైర్ వేరు, క్లినికల్ ట్రైనింగ్ డైరెక్టర్ వేరుగా ఉండటం మామూలే. వాళ్లకూ ఈ తగువు పాతదే. అక్కడి సైకాలజిస్టులు 1949లో బౌల్డర్ అనే ఊళ్లో కూర్చుని సైంటిస్టూ ప్రాక్టీషనరూ ఒకే మనిషిలో ఉండాలన్నారు, 1973లో వేల్ అనే ఊళ్లో కూర్చుని ప్రాక్టీసుకు వేరే డిగ్రీ ఉన్నా తప్పు లేదన్నారు. ఇల్లినాయ్ యూనివర్సిటీ అప్పటికే, 1968లోనే, సైడీ మొదలుపెట్టేసింది. కానీ మన దగ్గర ఇద్దరంటే పెత్తనం ఒకరిది, చాకిరీ ఒకరిది. ట్రెయినీ లీవు లెటర్ పట్టుకుని క్యాంపస్‌కూ ఆస్పత్రికీ మధ్య ఆటోల్లో తిరుగుతాడు, రోస్టర్ మీద సంతకం ఎవరిదో తేలేసరికి పోస్టింగే అయిపోతుంది. రోస్టర్, మార్కులు, ట్రెయినీని ఆపే అధికారం, ఈ మూడూ క్లినిక్‌లో ఉన్న మనిషి చేతికే ఇస్తామంటే ఇద్దరు హెడ్‌లు నాకూ ఇష్టమే. ఇవ్వరు.

కాబట్టి దోస్తుకు నిన్న ఫోన్ చేసి మిగతా సగం చెప్పేశాను. క్లినీషియన్ దొరికితే ఆయన్నే పెట్టండి, ఫైళ్లు చూడటానికి గట్టి సూపరింటెండెంట్‌ను ఇప్పించండి. దొరక్కపోతే, చిన్న ఊళ్లలో దొరకడం కష్టమే, నువ్వే ఉండు, కానీ ప్రతి సోమవారం పిల్లల ముందు ఓపీలో కూర్చుని కొత్త పేషెంట్లను నువ్వే చూడాలి, తప్పు చేస్తే వాళ్ల ముందే చెయ్యి. సోమవారం ఎందుకంటే ఆదివారం మూసి ఉంటుంది కాబట్టి ఆరోజే జనం విరగబడతారు.

కాసేపు ఆలోచించాడు. "సోమవారం మీటింగులుంటయ్‌రా, శుక్రవారం అయితే నడవదా?" అన్నాడు.

నడవదన్నాను.