కంపెనీ పైసలతో ఊరికి ఏది మేలు: ఫిల్టర్ ప్లాంటా, భగీరథ నల్లా బాగుచేతా?

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు ఏ కంపెనీ అయినా సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద పని చేస్తామంటే ఊరు ముందుగా అడిగేది ఫిల్టర్ ప్లాంటే. ఫ్లోరైడ్‌తో నడుములు వంగిన ఊళ్లలో ఆ కోరికను తప్పుపట్టలేం. అయినా మిషన్ భగీరథ పథకం కింద కృష్ణా నీళ్లు ట్యాంకు దాకా వస్తున్న ఊళ్లో అదే పైస ట్యాంకుకూ పైపులకూ బడి నల్లాకూ పెడితేనే ఎక్కువ మేలు.

అసలు లెక్క వంటింట్లో ఉంది. ఇరవై లీటర్ల క్యాను కొనుక్కుని తాగుతారు, అన్నం పప్పు మాత్రం బోరు నీళ్లతోనే వండుతారు. ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు, నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. క్యాను నీళ్లు తాగే ఇంట్లో కూడా పిల్లల పళ్లకు గార పట్టడానికి ఇదొక కారణం. కొనే నీళ్లు వంట దాకా రావు, నల్లా నీళ్లు వస్తాయి.

ప్లాంటు పెట్టడం సులువు, నడపడమే కష్టం. గంటకు 1000 లీటర్ల ప్లాంటులో ఇసుక ఫిల్టర్, కార్బన్ ఫిల్టర్, గార పట్టకుండా మందు వేసే డోసింగ్ పంపు, 5 మైక్రాన్ల కార్ట్రిడ్జ్, హై ప్రెషర్ పంపు, ఫ్లోరైడ్‌ను ఆపే 4 అంగుళాల మెంబ్రేన్లు (వడపోత పొరలు) నాలుగు ఉంటాయి. మన బోరు నీళ్లు గట్టివి. మందు పోయకుండా నడిపితే మెంబ్రేన్ మీద సున్నం పేరుకుని ముందు ధార తగ్గుతుంది, తర్వాత నీటి నాణ్యత పడిపోతుంది. శ్రద్ధగా చూసినా మెంబ్రేన్లను రెండు మూడేళ్లకోసారి మార్చాల్సిందే. చాలా ప్లాంట్లకు తాళం పడేది అక్కడే.

వృథా నీళ్ల సంగతి ఇంకా బాధాకరం. సగం నీళ్లు బయటికి పోతాయనుకుంటే, బోరులో లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటే ఆ వృథా నీళ్లలో 8 దాకా ఉంటుంది. దాన్ని ఇంకుడు గుంతలోకి వదిలితే తిరిగి మన భూమిలోకే పోతుంది. మరుగుదొడ్లు కడగడానికి మళ్లించాలి. ఇంకో మాట: నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపే టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను విడిగా చూపదు. దానికి వేరే పరీక్ష కిట్ కావాలి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ పరిమితి లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీటి వసతి లేని చోట 1.5.

భగీరథ నీళ్లను జనం ఎందుకు తాగడం లేదో చూస్తే కంపెనీకి పని దొరుకుతుంది. మోరీల్లోంచి పోయే పైపు జాయింట్లు కారతాయి, ట్యాంకు మూత ఉండదు, బ్లీచింగ్ ఒకనాడు ఎక్కువ, ఒకనాడు సున్న. 40 వేల లీటర్ల ట్యాంకుకు లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ అందాలంటే 33 శాతం బలమున్న పొడి సుమారు 240 గ్రాములు చాలు. తెరిచి ఉంచిన పాత పొడికి ఆ బలం ఉండదు. చివరి ఇంటి నల్లాలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. అన్నిటికన్నా ముఖ్యం, సరఫరా ఆగినప్పుడు బోరు నీళ్లను అదే ట్యాంకులోకి ఎక్కించే లైను. దాన్ని విడదీసి, బోరును పశువుల తొట్లకూ వాడుక నీళ్లకూ పరిమితం చేయడం ఫ్లోరైడ్ ఊళ్లో మొదటి పని. ఆ తర్వాత అంగన్‌వాడీ, బడి వంటగది నల్లాలు, ఎందుకంటే ఎనిమిదేళ్ల లోపే శాశ్వత పళ్లు లోపల తయారవుతుంటాయి.

గుట్ట మీది తండాకు భగీరథ నీళ్లు ఎక్కడం లేదంటే ప్లాంటే సరి. అప్పుడు క్యానుకు రూపాయి చొప్పున వేరే ఖాతాలో వేయాలి. రోజుకు 200 క్యాన్లు పోతే రెండేళ్లలో సుమారు 1,46,000 రూపాయలు పోగవుతాయి, మెంబ్రేన్లకు దిగులుండదు.

ఏది అడిగినా నిర్వహణ కూడా అడగండి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద ఆ చట్టం చెప్పిన స్థాయి దాటిన పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి, తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. కొనసాగే ప్రాజెక్టుగా తీసుకుంటే మొదలైన ఏడాది కాక మరో మూడేళ్ల దాకా సాగించవచ్చు. కట్టిన ఆస్తి పంచాయతీ పేరనే ఉండాలని తీర్మానంలో రాయండి. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి ట్యాంకు దగ్గర, చివరి ఇంటి నల్లాలో, బడి వంటగదిలో నీళ్లు పరీక్షించి ఫలితం పంచాయతీ గోడ మీద అంటించే ఖర్చు కూడా అందులోనే చేర్చండి.