బొమ్మల ఆర్డర్లకు ట్రెల్లో బోర్డు: కొన్నేళ్ల వాడకం తరువాత

తిరుపతిలో ఇంటి నుంచే డిజిటల్ బొమ్మలు వేసి ఇచ్చే స్వతంత్ర చిత్రకారిణిని నేను. పెళ్లి శుభలేఖలో అచ్చువేయడానికి జంట బొమ్మ, గృహప్రవేశానికి కానుకగా ఇచ్చేందుకు గరుడ వాహనం మీది స్వామివారు, పిల్లల పుస్తకానికి లోపలి చిత్రాలు, విదేశాల్లోని వీడియో గేమ్ అభిమానులు తమ ఊహా పాత్రలకు వేయించుకునే రూపాలు, ఇలా ఒకదానితో ఒకటి పొంతన లేని పనులు ఒకే నెలలో వస్తుంటాయి. అడిగేవారిలో కొందరు ఇన్‌స్టాగ్రామ్‌లో, కొందరు వాట్సాప్‌లో, మరికొందరు ఈమెయిల్‌లో ఉంటారు. 2021 నుంచి ఈ ఆర్డర్లన్నింటినీ పనుల జాబితాలు నడుపుకునే ట్రెల్లో అనే యాప్‌లో, అదీ ఉచిత ప్లాన్‌లోనే నడుపుతున్నాను. ఆర్డర్ల వరుసను నడపడానికి ఇది చక్కగా పనికొస్తుంది, డబ్బు లెక్కలకు మాత్రం పనికిరాదు. ఆ రెండు భారాలనూ దీని మీదే వేయాలనుకునేవారికి నేను దీన్ని సూచించను.

ట్రెల్లో చిత్రకారుల కోసం పుట్టినది కాదు. 2011లో ఫాగ్ క్రీక్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ దీన్ని తెచ్చింది, 2017లో అట్లాసియన్ అనే మరో సాఫ్ట్‌వేర్ సంస్థ కొనుక్కుంది. ఒక బోర్డు, అందులో పక్కపక్కనే లిస్టులు, ఒక్కో లిస్టులో పైనుంచి కిందికి పేర్చిన కార్డులు, పని సాగేకొద్దీ కార్డును ఒక లిస్టు నుంచి మరో లిస్టుకు జరపడం, ఇంతే దాని నిర్మాణం. ఒక ఆర్డరుకు ఒక కార్డు చొప్పున తెరిచి, రిఫరెన్స్ ఫోటోలు, గడువు తేదీ, చెక్‌లిస్టు అన్నీ అందులోనే ఉంచుకోవచ్చు. నేను ఒక టెంప్లేట్ కార్డు తయారుచేసుకున్నాను. కొత్త ఆర్డరు రాగానే దానికి నకలు తీస్తే అడగవలసిన ప్రశ్నలన్నీ సిద్ధంగా ఉంటాయి: బొమ్మలో ఎంతమంది, నేపథ్యం కావాలా, మార్పులు ఎన్నిసార్లు, బొమ్మ ఫోన్‌లో చూసుకోవడానికా లేక అచ్చుకా. ఈ చివరి ప్రశ్నను ముందే అడగడం చాలా అవసరం, ఎందుకంటే ఏ4 కాగితం మీద 300 డీపీఐతో (అంగుళానికి 300 చుక్కల చొప్పున) అచ్చు వేయాలంటే 2480×3508 పిక్సెళ్ల ఫైలు ఉండాలి, చిన్న ఫైలు మీద గీసిన బొమ్మను తరువాత పెంచితే గీతలు మసకబారుతాయి.

అయితే ఈ బోర్డు మేలు చేస్తుందా లేదా అన్నది లిస్టులను ఎలా విభజించామన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. చాలామంది చిత్రకారులు స్కెచ్, లైన్ ఆర్ట్, రంగులు, పూర్తయినవి అని పని దశల ప్రకారం విభజిస్తారు. చూడటానికి సబబుగానే ఉంటుంది గానీ, పొద్దున్నే ఆ బోర్డు తెరిస్తే ఏ బొమ్మ ముందు పట్టుకోవాలో తెలియదు, ఎందుకంటే స్కెచ్ లిస్టులోని కార్డుల్లో కొన్ని నేను గీయవలసినవి, కొన్ని నేను గీసి పంపి అవతలివారి జవాబు కోసం ఆగినవి అయి ఉంటాయి. నా బోర్డులో లిస్టులు తరువాతి అడుగు ఎవరిదన్న దాన్ని బట్టి ఉంటాయి. అడ్వాన్స్ రావలసినవి, నా వంతు, వారి వంతు, మిగతా డబ్బు రావలసినవి, ముగిసినవి అని పేర్లు పెట్టుకున్నాను. బొమ్మ ఏ దశలో ఉందో కార్డు మీది రంగు లేబుల్ చెబుతుంది.

ఇలా విభజించడానికి కారణం ఈ పని స్వభావమే. గీతకు పట్టే కాలం కన్నా జవాబుకు పట్టే కాలం ఎక్కువ. శుభలేఖ బొమ్మలో పెళ్లికూతురు మెచ్చిన చీర రంగు ఆమె మేనత్తకు నచ్చదు, ఆ సంగతి నా దాకా రావడానికి వారం పడుతుంది, ఈలోపు ముహూర్తం దగ్గరపడుతుంది. కార్డు ఏ రోజు ఏ లిస్టులోకి మారిందో ట్రెల్లో తనంతట తానే నమోదు చేస్తుంది కనుక, ఆ వారం ఎవరి దగ్గర గడిచిందో వాదించుకోవలసిన అవసరం ఉండదు. ఒకసారి విదేశంలో ఉన్న తిరుపతి వ్యక్తి ఒకరు గంగమ్మ జాతరలో తాను కట్టిన మాతంగి వేషాన్ని బొమ్మగా వేయమన్నారు. రంగులు కూడా పూర్తయ్యాక నిలబడిన తీరు మొత్తం మార్చమన్నారు. స్కెచ్‌ను ఆయన ఒప్పుకున్న సందేశం స్క్రీన్‌షాట్‌గా, తేదీతో సహా కార్డులోనే ఉంది. దాన్ని పంపి, కొత్త భంగిమకు అదనపు రుసుము అవుతుందని చెప్పగానే మారుమాట లేకుండా ఒప్పుకున్నారు.

బట్లర్ అనే ఆటోమేషన్ కూడా ఇక్కడే అక్కరకు వస్తుంది. కార్డు ‘వారి వంతు’లోకి వెళ్లగానే ఏడు రోజుల గడువు దానంతట అదే పడేలా ఒక నియమం రాసుకున్నాను. గడువు దాటితే కార్డు మీది తేదీ ఎర్రబడుతుంది, అప్పుడు మర్యాదగా ఒక సందేశం పంపుతాను. ఉచిత ప్లాన్‌లో ఇలాంటి నియమాలు నెలకు 250 సార్లు మాత్రమే పనిచేస్తాయి, ఒంటరిగా పనిచేసే మనిషికి అది చాలు.

బోర్డును బహిరంగంగా ఉంచే వీలు మరొక పెద్ద సౌకర్యం. లింకు ఉన్నవారెవరైనా ఖాతా లేకుండానే చూడవచ్చు కనుక, “అక్కా, మా బొమ్మ ఎంతదాకా వచ్చింది?” అన్న సందేశాలు బాగా తగ్గాయి. తిరుపతిలో దీనికి విలువ ఎక్కువ, ఎందుకంటే ఇక్కడ ఆర్డర్లు ఏడాది పొడవునా సమంగా రావు. మే నెలలో జాతర, సెప్టెంబరు, అక్టోబరుల్లో బ్రహ్మోత్సవాలు, వాటి నడుమ పెళ్లి ముహూర్తాలు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, పని పలచబడుతుంది. అధిక మాసం వచ్చిన 2023లో రెండు బ్రహ్మోత్సవాలు జరిగాయి, ఆ సెప్టెంబరు, అక్టోబరుల్లో ఒక గడువు తీరకముందే మరొకటి మీద పడింది. అలాంటప్పుడు బోర్డు మొదట్లో ‘ప్రస్తుతం ఆర్డర్లు తీసుకోవడం లేదు’ అని ఒక కార్డు ఉంటే, ఒక్కొక్కరికీ విడిగా కాదని చెప్పవలసిన ఇబ్బంది తప్పుతుంది. ఎదుటివారు బంధువులైతే ఆ ఇబ్బంది ఎంతటిదో చెప్పనక్కరలేదు.

కానీ బహిరంగ బోర్డులో ఒక్క కార్డును మాత్రమే దాచడం కుదరదు. కార్డులోని ఫోటో, వ్యాఖ్య, ఫైలు అన్నీ అందరికీ కనిపిస్తాయి, వెతుకులాట ఇంజన్లకు కూడా దొరకవచ్చు. పిల్లల ఫోటోలు, ఇంటి చిరునామాలు పంపేవారి వివరాలను అలా పెట్టడం తగదు. అందుకే నాకు రెండు బోర్డులు ఉన్నాయి. వివరాలన్నీ ఉండేది ప్రైవేటుది, బహిరంగ బోర్డులో పేరుకు బదులు ఒక సంకేతం, దశ మాత్రమే ఉంటాయి. ఒకే కార్డును రెండు చోట్లా జరపడం విసుగే అయినా, దానికి మించిన మార్గం నాకు కనిపించలేదు. పెద్ద ఫైళ్ల సంగతీ అంతే. ఉచిత ప్లాన్‌లో ఒక్కో జోడింపు 10 ఎంబీ దాటకూడదు, గీతలు, రంగులు వేర్వేరు పొరలుగా ఉండే అసలు బొమ్మ ఫైలు ఒక్కటే అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. కనుక అసలు ఫైళ్లు గూగుల్ డ్రైవ్‌లో ఉంచి, కార్డులో లింకు పెడతాను.

ఇక డబ్బు. కార్డులో ధర, అడ్వాన్స్ అంకెలు రాసుకోవచ్చు గానీ బోర్డు వాటిని కూడి మొత్తం చూపదు. ధర లాంటివి విడిగా నింపే ప్రత్యేక ఫీల్డులు కావాలంటే స్టాండర్డ్ ప్లాన్‌కు, పట్టికగా తెరుచుకునే సీఎస్‌వీ ఫైలు రూపంలో వివరాలు దించుకోవాలంటే ప్రీమియం ప్లాన్‌కు డబ్బు కట్టాలి. నాకు రెండు దారుల్లో సొమ్ము వస్తుంది. మన దేశంలోనివారు యూపీఐతో పంపుతారు, విదేశీయులు పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపు సేవతో పంపుతారు. 2021 ఏప్రిల్ 1 నుంచి పేపాల్ భారతదేశంలో దేశీయ చెల్లింపులను ఆపివేసి, విదేశాల నుంచి వచ్చేవాటిని మాత్రమే కొనసాగిస్తోంది కనుక ఈ రెండు ఖాతాలూ విడిగానే ఉంటాయి. డాలర్లలో చెప్పిన ధర, రుసుము పోగా చేతికందిన రూపాయలు, అందిన తేదీ, ఇవన్నీ గూగుల్ షీట్స్‌లో ఒక పట్టికగా రాస్తాను. సేవలకు జీఎస్‌టీ నమోదు పరిమితి ఏడాదికి 20 లక్షల రూపాయల మొత్తం టర్నోవరు. మనం దానికి ఎంత దూరంలో ఉన్నామో చెప్పగలిగేది ఆ పట్టికే. నా నియమం ప్రకారం సగం అడ్వాన్స్ వచ్చేదాకా కార్డు ‘నా వంతు’లోకి రాదు.

హక్కుల విషయం కూడా బోర్డుకు అప్పగించదగినది కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్‌లోని (బి) నిబంధన ప్రకారం, ప్రతిఫలం తీసుకుని ఒకరి కోరిక మీద గీసిన చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు ఆ కోరిన వ్యక్తే అవుతారు. కొత్తగా ఆర్డర్లు తీసుకునే చిత్రకారుల్లో చాలామంది గీసినవారికే హక్కు ఉంటుందని అనుకుంటారు. బొమ్మను నా నమూనాల్లో చూపుకోవచ్చా, వారు దాన్ని చొక్కాల మీద అచ్చువేసి అమ్ముకోవచ్చా అన్న సంగతులు అడ్వాన్స్‌కు ముందే ఈమెయిల్‌లో రాసి, వారి అంగీకారం తీసుకుంటాను. ఆ ఈమెయిల్ నకలు కార్డులో ఉంటుంది, అంతవరకే బోర్డు పాత్ర.

ఫోన్ యాప్ నెట్ లేకపోయినా పనిచేస్తుంది, నెట్ వచ్చాక మార్పులను బోర్డుకు చేరుస్తుంది. 2021 నవంబరు వరదల్లో నగరం నీళ్లలో మునిగి, కరెంటూ నెట్టూ వచ్చిపోతూ ఉన్నప్పుడు ఎవరిని గడువు పొడిగించమని అడగాలో ఫోన్‌లోనే చూసుకోగలిగాను.

ఏడాదికి ఒకేసారి కడితే స్టాండర్డ్ ప్లాన్ ఒక్కొక్కరికి నెలకు 5 డాలర్లు. ఇద్దరు ముగ్గురు కలిసి పనిచేసే స్టూడియోకు, రోజూ పెద్ద ఫైళ్లు జోడించేవారికి అది సమంజసమే. ఒంటరిగా పనిచేసేవారు ఉచిత ప్లాన్‌తోనే మొదలుపెట్టవచ్చు. నెలకు మూడు నాలుగు ఆర్డర్లకు మించని వారికైతే ఇదీ అక్కరలేదు, ఒక నోటు పుస్తకం చాలు. మార్చి నెలాఖరున ముగిసిన కార్డులను ఆర్కైవ్ చేసి, బోర్డును జేసన్ అనే డేటా ఫైలుగా దించి దాచుకోవాలి. ఉచిత ప్లాన్‌లో ఎగుమతికి ఉన్న దారి అదొక్కటే. ఆ ఫైలు మామూలు మనిషి చదివేందుకు అనువుగా ఉండదు కనుక పట్టికను మాత్రం విడిగా ఉంచుకోక తప్పదు.