నేలలో ఒదిగిన హోటలా, మంచెలా నిలిచిన హోటలా: ఏది మేలు?

ప్రకృతిలో కలిసిపోయిన హోటల్ అనగానే దూరం నుంచి తీసిన ఒక ఛాయాచిత్రం మనసులో మెదులుతుంది. కొండవాలులో భవనం ఎక్కడుందో పోల్చుకోవడానికి కాసేపు వెతుక్కోవాలి. కంటికి అడ్డురాకపోవడం మంచి గుణమే. అయితే ఆ భవనం కింద వాననీరు ఎటు పోతోందో, చెట్ల వేళ్లు ఏమయ్యాయో, కొన్ని దశాబ్దాల తర్వాత దాన్ని తొలగించవలసి వస్తే ఆ చోట ఏం మిగులుతుందో ఛాయాచిత్రం చెప్పదు. నేలను తవ్వి అందులో ఒదిగే కట్టడం, స్తంభాల మీద మంచెలా నిలిచే కట్టడం, అద్దపు గోడలతో చుట్టుపక్కల దృశ్యాన్నే చూపే కట్టడం అనే మూడు పద్ధతులను నేను ఈ ప్రశ్నల మీదనే తూచదలచాను.

నేలలో ఒదిగే కట్టడానికి ఉన్న పెద్ద బలం ఉష్ణోగ్రత. కొన్ని మీటర్ల లోతున నేల ఏడాది పొడుగునా ఆ ప్రాంతపు సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది కనుక వేసవిలో చల్లదనానికీ, చలికాలంలో వెచ్చదనానికీ ఖర్చయ్యే విద్యుత్తు బాగా తగ్గుతుంది. ఆస్ట్రేలియా ఎడారిలోని కూబర్ పీడీలో బయట 40 డిగ్రీలు దాటిన రోజున కూడా నేల కింది గదులు 25 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటాయి. అక్కడి మెత్తని ఇసుకరాయి తవ్విన తర్వాత తనంతట తానే నిలబడుతుంది, వాన బహు తక్కువ. ఈ రెండూ లేనిచోట లెక్క తారుమారవుతుంది. తడి వాలులో తవ్వినప్పుడు నేలలో నెమ్మదిగా కిందికి దిగే ఊటనీటికి గోడ అడ్డుపడుతుంది. ఆ నీటిని పక్కకు మళ్లించడానికి కాలువలు, మట్టి ఒత్తిడిని ఆపడానికి మందపాటి కాంక్రీటు గోడలు, వాటి మీద తేమను ఆపే పొరలు కావాలి. తడిసిన మట్టి ఘనమీటరుకు దాదాపు 1.8 నుంచి 2 టన్నుల బరువు తూగుతుంది కనుక పైకప్పు మీద 30 సెంటీమీటర్ల మట్టి పరిస్తే చదరపు మీటరుకు అర టన్నుకు పైగా భారం పడుతుంది, ఆ భారాన్ని మోయడానికి మళ్లీ కాంక్రీటే కావాలి. ప్రపంచం వెలువరించే కార్బన్ డయాక్సైడులో 7 నుంచి 8 శాతం ఒక్క సిమెంటు తయారీ నుంచే వస్తోంది. పైన పచ్చగా కనిపించే గడ్డి కప్పు ఈ లెక్కను దాచిపెడుతుంది. పైగా అది కారడం మొదలైతే పెరిగిన పచ్చదనాన్నంతా పెళ్లగించి మరమ్మతు చేయవలసి వస్తుంది.

మంచె పద్ధతికి నేను మొగ్గు చూపడానికి మొదటి కారణం కరేబియన్ దీవి సెయింట్ జాన్‌లో 1976లో స్టాన్లీ సెలెంగట్ నెలకొల్పిన మాహో బే విడిది. గుడారాల వంటి కుటీరాలను ఏటవాలు నేల మీద కొయ్య స్తంభాలపై నిలిపి, వాటి మధ్య ఎత్తయిన చెక్క బాటలు వేశారు. నీటి గొట్టాలనూ విద్యుత్ తీగలనూ ఆ బాటల అడుగునే నడిపించారు కనుక వాటి కోసం కందకాలు తవ్వే పని లేకపోయింది. దిగువన సముద్రంలో పగడపు దిబ్బలు ఉండటమే ఇంత జాగ్రత్తకు మూలం. వాలు మీద మట్టి కదిలితే వానకు కొట్టుకుపోయి పగడాల మీద పేరుకుంటుంది, వెలుతురు అందక అవి చనిపోతాయి. 2013లో స్థలం లీజు ముగిసి ఆ విడిది మూతపడింది. నార్వేలోని యూవెట్ హోటల్‌ను రూపొందించిన యెన్సెన్, స్కూడ్విన్ సంస్థ కూడా రాతిని పేల్చకుండా, 40 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీలను రాతిలోకి దింపి వాటి మీద గదులను నిలిపింది.

ఈ పద్ధతికి లోపాలు లేవని చెప్పను. గది గచ్చు అడుగున కూడా చలిగాలి వీస్తుంది కనుక శీతల ప్రాంతాల్లో గది అన్ని వైపుల నుంచీ వేడిని కోల్పోతుంది, మందమైన ఉష్ణనిరోధక పొర తప్పనిసరి అవుతుంది. కొయ్యకు చెదల బెడద ఎప్పుడూ ఉంటుంది. మెట్లు ఎక్కలేనివారి సంగతి మొదటి నక్షాలోనే ఆలోచించకపోతే ఆ తర్వాత సరిదిద్దడం చాలా కష్టం.

ఈ రెండు పద్ధతులూ ఒకేచోట కనిపించేది కాలిఫోర్నియా తీరాన బిగ్ సర్‌లో 1992లో తెరిచిన పోస్ట్ రాంచ్ ఇన్‌లో. వాస్తుశిల్పి మిక్కీ మ్యూనిగ్ సముద్రం వైపున్న బోడి గట్టు మీద గదులను గడ్డి కప్పుల కింద ఒదిగించి, రెడ్‌వుడ్ చెట్ల మధ్యకు వచ్చేసరికి గదులను కాళ్ల మీదికి ఎత్తాడు. రెడ్‌వుడ్ వేళ్లు లోతుకు దిగవు, పక్కలకు చాలా దూరం పాకుతాయి. అక్కడ పునాది కందకం తవ్వితే గొడ్డలి పెట్టకుండానే చెట్టును నరికినట్టు అవుతుంది. ఏ పద్ధతి ఎక్కడ పనికివస్తుందన్న ప్రశ్నకు నాకు తెలిసిన జవాబుల్లో ఇంత స్పష్టమైనది మరొకటి లేదు.

అద్దపు గోడలను నేను చివరి స్థానంలో ఉంచుతాను. స్వీడన్‌లోని ట్రీహోటల్‌లో 4 మీటర్ల ఘనాకారపు అద్దాల గది చెట్టు మాను చుట్టూ అమరి, అడవినే చూపుతూ అడవిలో మాయమవుతుంది. పక్షులు గుద్దుకోకుండా వాటికి కనిపించే అతినీలలోహిత రంగును గాజులో అమర్చారు. అంత జాగ్రత్త లేకుండా ఆ రూపాన్ని అనుకరించడం ప్రమాదకరం. అమెరికాలో భవనాలను ఢీకొని ఏటా 36.5 కోట్ల నుంచి 98.8 కోట్ల వరకు పక్షులు చనిపోతున్నాయని 2014లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది.

కాబట్టి వాన పడే చోట, చెట్లున్న చోట, వాలు నేల మీద మంచె పద్ధతే మేలు. పొడిగా, చెట్లు లేకుండా, రాయి తనంతట నిలిచే చోట నేలలో ఒదగడం మేలు. అయితే ఇది పది ఇరవై గదుల వరకు సరిపోయే తీర్పు. నూటయాభై గదులు కావాలంటే నూటయాభై కుటీరాలకు అన్ని బాటలూ, అన్ని గొట్టాలూ అడవంతా పరుచుకోక తప్పదు. ఈ చిక్కుకు శ్రీలంకలోని కందళమ హోటల్‌లో ఒక పరిష్కారం ఉంది. జెఫ్రీ బావా 152 గదులను చెల్లాచెదురు చేయకుండా, దాదాపు కిలోమీటరు పొడవున సాగే ఒకే భవనంగా కొండరాతి అంచున నిలబెట్టాడు. రాతి మీద నుంచి జారే వాననీరు భవనం కిందుగా చెరువు వైపు పోయేలా దాన్ని స్తంభాలపై ఎత్తి, ముఖభాగాన్ని తీగలకు విడిచిపెట్టాడు. దాని చట్రం కాంక్రీటుదే, దాన్ని కొయ్య కుటీరంలా విప్పి తీసుకుపోవడం సాధ్యం కాదు. అయినా అన్ని గదులు తప్పనిసరి అయినచోట, అడవిలో చెదిరిన నూటయాభై కుటీరాల కన్నా ఆ ఒక్క పొడవాటి భవనాన్నే నేను ఎంచుకుంటాను.