హైడ్రేంజియా: పెరటి నేలలోనా, కుండీలోనా?

కడియం నర్సరీల నుంచి హైడ్రేంజియా మొక్క తెచ్చుకున్నవారు దానిని నేలలో నాటాలా, కుండీలో పెంచాలా అన్నది ముందే తేల్చుకోవాలి. నేలలో వేరు స్వేచ్ఛగా పాకుతుంది, నీరు తరచుగా పోయనక్కరలేదు. అయితే డెల్టాలోని ఒండ్రు బంకమట్టి వానాకాలంలో నీటిని పట్టి ఉంచడం వలన వేర్లు కుళ్ళే ప్రమాదం ఉంది. అంతకంటే ముఖ్యంగా, మట్టి ఆమ్లగుణాన్ని తెలిపే ఉదజని సూచిక (pH) 5.5 కంటే తగ్గి, అల్యూమినియం వేర్లకు అందినప్పుడే నీలిరంగు పూలు పూసే ఈ మొక్కకు ఆ ఆమ్లగుణాన్ని కుండీమట్టిలో నిలపడం సులువు, పెరడంతటా నిలపడం చాలా కష్టం. తెల్లపూల రకాలకు మాత్రం ఈ చింత లేదు. అందుకే, వేసవిలో రెండు పూటలా నీరు పోయవలసి వచ్చినా, నేను కుండీనే ఎంచుకుంటాను. రోహిణీ కార్తె ఎండకు ఆ వెడల్పాటి ఆకులు మధ్యాహ్నానికే వడలి తడిగుడ్డల్లా కాడకు వేలాడుతుంటే, కుండీనైతే తూర్పు వసారా నీడలోకి జరుపుకోవచ్చు.