పాపమ్ ఎయిర్‌ఫీల్డ్‌లో మైక్రోలైట్: వోచర్ కొనకండి, గంట కొనండి

ఇంగ్లండ్‌లో ఉంటూ మైక్రోలైట్ (ఒకరిద్దరు కూర్చునే అతి తేలికైన చిన్న విమానం) నడపడం నేర్చుకోవాలనుకునే మనవాళ్ళు గిఫ్ట్ వోచర్ జోలికి వెళ్ళొద్దు. ఒక మధ్యవర్తి సైటుకు 129 పౌండ్లు కట్టాం. "30 నిమిషాల అనుభవం" అని రాశారు. బ్రీఫింగూ, సూటు తొడుక్కోవడమూ అందులోకే లెక్కేశారు. గాలిలో ఉన్నది 18 నిమిషాలు! ఫోన్ చేస్తే షరతులు చదువుకోమన్నారు. అంతకుముందు వారం గాలి ఎక్కువై ఫ్లైట్ రద్దయినప్పుడు గదికి కట్టిన 94 పౌండ్లూ వెనక్కి రాలేదు. వీకెండ్ పాడైందని బావ రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. రద్దు చేసినవాళ్ళను మాత్రం తప్పుపట్టను. ఇంత తేలికైన బండిని అడ్డగాలిలో దించడం కొత్తవాళ్ళ పని కాదు.

నేరుగా ఫ్లయింగ్ స్కూలుకే ఫోన్ చేసి, గంట అంటే ఇంజిన్ స్టార్ట్ నుంచి ఆఫ్ వరకా, గాలిలో ఉన్నంతసేపా అని అడగండి. ఇన్‌స్ట్రక్టర్‌తో తీసుకున్న పాఠమైతే లైసెన్సు గంటల్లో కలుస్తుంది. బ్రిటన్‌లో మైక్రోలైట్ లైసెన్సుకు కనీసం 25 గంటలు కావాలి, అందులో 10 ఒంటరిగా ఎగరాలి. గంటకు 150 వేసుకుంటే 3,750 పౌండ్లు. వారాంతాల్లోనే వెళ్ళేవాళ్ళు 40 గంటలకు, అంటే 6,000కు సిద్ధపడితే మంచిది.

పాపమ్ హాంప్‌షైర్‌లో ఏ303 రోడ్డు పక్కనే ఉంది. రన్‌వే పచ్చగడ్డే. వాటర్లూ నుంచి రైల్లో మిచెల్డెవర్‌లో దిగాలి. చిన్న స్టేషన్, టాక్సీ ముందే చెప్పుకోండి.

ఫ్లెక్స్‌వింగ్‌లో, అంటే గుడ్డ రెక్క కింద వేలాడే రకం మైక్రోలైట్‌లో, చేత్తో పట్టుకునే బార్ ముందుకు తోస్తే ముక్కు లేచి వేగం తగ్గుతుంది, లాక్కుంటే పెరుగుతుంది. కుడికి తిరగాలంటే బార్ ఎడమకు నెట్టాలి. మామూలు విమానం నడిపినవాళ్ళే ఇక్కడ ఎక్కువ తికమకపడతారు.

స్కూలు మంచిదో కాదో ఇంజిన్ ఆయిల్ చూసే తీరులో తెలిసిపోతుంది. మైక్రోలైట్లలో వాడే రోటాక్స్ 912 ఇంజిన్‌లో ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది, ఆగి ఉన్నప్పుడు కొంత ఇంజిన్ అడుగున చేరుతుంది. ఇగ్నిషన్ స్విచ్‌లు రెండూ ఆఫ్‌లో ఉన్నాయో లేదో చూసి, ప్రొపెల్లర్‌ను అది తిరిగే దిశలోనే చేత్తో మెల్లగా తిప్పాలి. ట్యాంకులోంచి గుడగుడమని చప్పుడు వచ్చాకే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీయాలి. అలా తిప్పకుండా చూస్తే మట్టం తక్కువగా కనిపిస్తుంది, తొందరపడి అనవసరంగా ఆయిల్ పోసేస్తారు. అక్కడి ఇన్‌స్ట్రక్టర్ ఆ గుడగుడ వినేదాకా మమ్మల్ని కదలనివ్వలేదు. ఆ ఓపిక చూశాకే ఆ మనిషి మీద నమ్మకం కుదిరింది.

పాత టూ స్ట్రోక్ ఇంజిన్, రోటాక్స్ 582, ఉన్న బండి చవకే. దానికి పెట్రోల్‌లో 50కి 1 వంతు ఆయిల్ కలపాలి: 10 లీటర్లకు 200 మిల్లీలీటర్లు. కలపడం మరిచారా, పిస్టన్ పట్టేస్తుంది. సొంతబండి మోజు ఉంటే నలుగురు కలిసి వాటా వేసుకోండి. హ్యాంగర్, ఇన్సూరెన్స్, ఏటా తనిఖీ ఒక్కరే మోయడం కష్టం.

వేసవిలో పొద్దున్నే గానీ సాయంత్రం గానీ బుక్ చేసుకోండి, మధ్యాహ్నం గాలి కుదిపేస్తుంది. గది తీసుకోవాల్సి వస్తే అదే రోజు రద్దు చేసుకున్నా డబ్బు తిరిగొచ్చేదే తీసుకోండి.