రోమ్‌లో పోయిన నలభై యూరోలు

ముందు రోమ్ గది సంగతి చెప్పేస్తాను, లేకపోతే మిగతాది ప్రశాంతంగా రాయలేను. టెర్మినీ స్టేషన్ పక్కన రాత్రికి 118 యూరోల చొప్పున రెండు రాత్రులకు బుక్ చేశాం. మా రైలు అరగంట లేటు. తాళాలు ఇచ్చే కుర్రాడు లేట్ చెకిన్ అంటూ 40 యూరోలు అడిగాడు. అదీ క్యాషే కావాలట, రసీదు లేదు. ముగ్గురికీ సిటీ ట్యాక్స్ 36 వేరే. అది అన్నిచోట్లా ఉండేదే, దానికి నాకేం బాధ లేదు. లిఫ్టు పాడు. డెబ్బై దాటిన మా మామగారు నాలుగంతస్తులు ఎక్కి, మంచం మీద కూలబడి, "1870లో ఇటలీ సైన్యం పోర్టా పియా ద్వారం దగ్గర గోడ పగలగొట్టి, పోప్ ఏలుతున్న ఈ ఊళ్ళోకి కొన్ని గంటల్లో వచ్చేసింది. మనకంటే వాళ్ళ పనే నయం" అన్నారు.

ఆయన రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్. అందుకే అందరూ వెనిస్ వెళ్తే మేం టురిన్‌తో మొదలుపెట్టాం. మా ఆవిడ అలిగింది. "వెనిస్ 1866 దాకా ఇటలీలో కలవనే లేదమ్మా, మనమూ తర్వాత కలుద్దాంలే" అన్నారు మామగారు. ఆవిడ నవ్వలేదు.

టురిన్ మాత్రం అద్భుతం. గది 84 యూరోలు, టిఫిన్‌తో సహా, పేచీ లేదు. పలాజ్జో కరిన్యానో భవనంలోని రిసోర్జిమెంటో (ముక్కలుగా ఉన్న ఇటలీ ఒకే దేశమైన ఉద్యమం) మ్యూజియంలో సగం రోజు గడిచిపోయింది. 1861 మార్చి 17న ఇటలీ రాజ్యం ఏర్పడిందని ప్రకటించింది ఈ ఊళ్ళోనే. మొదటి రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్ పుట్టింది ఈ భవనంలోనే. కొత్త దేశానికి తొలి రాజైనా, టురిన్ రాజధానిగా తాను ఏలిన పాత సార్డీనియా రాజ్యపు లెక్క ప్రకారం 'రెండో' అనే ఉంచుకున్నాడు. అప్పటికి ఇటాలియన్ మాట్లాడేవాళ్ళు, ఒక అంచనా ప్రకారం, నూటికి రెండున్నర మందే. తొలి ప్రధాని కవూర్ కూడా ఉత్తరాలు ఎక్కువగా ఫ్రెంచిలోనే రాసేవాడు. దేశం ఏర్పడిన మూడు నెలలకే ఆయన పోయాడు.

అక్కణ్ణుంచి సాన్ కార్లో కూడలికి నడిచాం. రాజధాని ఫ్లోరెన్స్‌కు పోతోందని తెలిసి 1864 సెప్టెంబరులో జనం గొడవకు దిగితే, ఇక్కడ సైనికులు కాల్చారు. యాభై మందికి పైగా చనిపోయారు. 1865లో ఫ్లోరెన్స్, 1871లో రోమ్: పదేళ్ళలో మూడు రాజధానులు! కర్నూలు, హైదరాబాదు, అమరావతి చూసిన మనకు ఆ జనం కోపం ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. అక్కడే బిచెరిన్ తాగాం. కాఫీ, చాక్లెట్, క్రీము, కప్పు 7 యూరోలు. మా ఆవిడ మొదటిసారి నవ్వింది.

ఫ్లోరెన్స్ బాగుంది. రోమ్‌లో ఆ రాజుగారి పేరనే కట్టిన తెల్లటి విట్టోరియానో స్మారకం మెట్లు ఫ్రీగానే ఎక్కవచ్చు.

నేపుల్స్‌లో స్టేషన్ ఎదుటే, దక్షిణాన్ని గెలిచి ఇటలీలో కలిపిన సేనాని గరిబాల్డి విగ్రహం. 1860 సెప్టెంబరు 7న ఆయన ఈ ఊరికి వచ్చింది కూడా రైల్లోనే. మేం తిన్న పిజ్జా 6 యూరోలు, దానికి వంద ఇచ్చినా తప్పులేదు. కొట్టు పెద్దాయన మాతో ఇటాలియన్, కుర్రాళ్ళతో నేపుల్స్ భాష. యాప్‌కి రెండోది అర్థమే కాలేదు. "ఇటలీలో మొదటి రైలు నడిచింది మా ఊళ్ళో, 1839లో. తర్వాత ఉత్తరం వాళ్ళు వచ్చి మమ్మల్ని కలిపేసుకున్నారు" అన్నాడు. "అందుకే రాజు తన నంబరు మార్చుకోలేదు" అన్నారు మామగారు. నేను ఫోనులో తర్జుమా చేసి చూపించగానే పెద్దాయన మాకు మూడు కాఫీలు ఊరికే పంపాడు.

వెళ్ళేవాళ్ళు టురిన్‌కి రెండు రోజులు ఉంచుకోండి. రోమ్‌లో గదికి ఎన్నింటికి చేరతారో ముందే మెసేజ్ పెట్టి, లేటైతే ఎంతో రాయించుకోండి. ఆ 40 యూరోలు ఇంకా తిరిగి రాలేదు. వాటితో వెనిస్ టికెట్టు వచ్చేదని మా ఆవిడ లెక్క.